ఓటు వయసు 16కి తగ్గించాలా? అందరూ అడిగే ప్రశ్నలు, నా జవాబులు

బ్రిటన్‌లో పదహారేళ్లకే ఓటు ఇస్తారట అన్న వార్త వచ్చినప్పటి నుంచి తెలిసినవాళ్లంతా ఇదే అడుగుతున్నారు. ఎన్నికల డ్యూటీలు చేసి విసిగిపోయిన మేస్టార్లు, ఇంటర్ పిల్లల తల్లిదండ్రులు, మొన్ననే మొదటిసారి వేలికి సిరా పెట్టించుకున్న డిగ్రీ కుర్రాళ్లు, అందరి ప్రశ్నలూ ఒకచోట పెట్టి నాకు తెలిసినంతలో రాస్తున్నాను. కొన్నింటికి పొడుగ్గా రాశాను, కొన్నింటిని రెండు ముక్కల్లో తేల్చేశాను. నా అభిప్రాయం ఎక్కడా దాచుకోలేదు.

అసలు ఇప్పుడు ఈ చర్చ ఎందుకు?

2025 జులైలో బ్రిటన్ ప్రభుత్వం వచ్చే సాధారణ ఎన్నికల నాటికి దేశమంతటా 16 ఏళ్లవాళ్లకు ఓటు ఇస్తామని ప్రకటించింది. స్కాట్లాండ్, వేల్స్‌లో అక్కడి చట్టసభల ఎన్నికలకు, స్థానిక ఎన్నికలకు ఇది ముందునుంచే ఉంది, ఇప్పుడు పార్లమెంటుకు కూడా అంటున్నారు. మన కేంద్ర ప్రభుత్వం మాత్రం 16 అని ఎక్కడా ప్రతిపాదించలేదు. కాబట్టి "వచ్చే ఎన్నికలకే టెన్త్ పాసైనవాళ్లందరికీ ఓటు" అని ఎవరైనా మెసేజ్ పంపితే దాన్ని ఇంకొకరికి పంపకండి.

మన దగ్గర మొదటినుంచీ 18 ఏళ్లేనా?

కాదు, 21. రాజ్యాంగం 326వ అధికరణం వయోజనులందరికీ ఓటు ఇచ్చింది, అప్పటికి వయోజనులంటే 21 నిండినవాళ్లు. 1988 డిసెంబర్‌లో రాజీవ్ గాంధీ ప్రభుత్వం 61వ రాజ్యాంగ సవరణ పెట్టి పార్లమెంటులో పాస్ చేయించింది, రాష్ట్రాల ఆమోదం కూడా అయ్యాక 1989 మార్చి 28 నుంచి 18 ఏళ్లు అమల్లోకి వచ్చాయి.

ఆ బిల్లుతో పాటు ఇచ్చిన కారణాల పత్రంలో ఒక సంగతి ఉంది, మనవాళ్లు దాన్ని పెద్దగా పట్టించుకోరు. అప్పటికే చాలా రాష్ట్రాలు స్థానిక సంస్థల ఎన్నికలకు 18 ఏళ్లే పెట్టుకున్నాయని అందులో రాశారు. అంటే మార్పు ముందు కింద, ఊళ్లల్లో, పట్టణాల్లో మొదలై తర్వాత ఢిల్లీకి చేరింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ పనికొస్తుంది.

వయసు తగ్గించిన పార్టీకి ఓట్లు పడ్డాయా?

అదే తమాషా. 1989 నవంబర్‌లో ఎన్నికలు వచ్చాయి, ఓటర్ల జాబితా 50 కోట్లకు దగ్గరపడింది, అంతకుముందు ఐదేళ్ల క్రితం అది 38 కోట్ల దరిదాపుల్లో ఉండేది (అస్సాం, పంజాబ్ కలపకుండా). 1984లో 400 దాటిన కాంగ్రెస్ 197 దగ్గర ఆగిపోయి అధికారం పోగొట్టుకుంది. మన ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం అదే రోజుల్లో కథ పూర్తిగా తిరగబడింది, ఎన్టీఆర్ ఓడిపోయి మర్రి చెన్నారెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు, లోక్‌సభకు 42 సీట్లలో 39 కాంగ్రెస్‌కే వచ్చాయి. ఒకే చట్టం కింద మొదటిసారి ఓటేసిన కుర్రకారు ఉన్న ఒకే దేశం, కానీ ఉత్తరాదిలో ఒక ఫలితం, మన దగ్గర ఇంకొకటి. కొత్త ఓటర్లు వయసు తగ్గించిన పార్టీకి రుణం తీర్చుకుంటారు అనుకునేవాళ్లు ఈ ఒక్క ఎన్నిక చూస్తే చాలు.

16 ఏళ్లకు ఓటు ఎక్కడెక్కడ ఉంది?

ఆస్ట్రియాలో 2007 నుంచి అన్ని ఎన్నికలకూ ఉంది. మాల్టాలో 2018 నుంచి. బ్రెజిల్‌లో 1988 రాజ్యాంగం నుంచే ఉంది, అయితే అక్కడ 18 నిండినవాళ్లకు ఓటు తప్పనిసరి, 16, 17 ఏళ్లవాళ్లకు మాత్రం ఇష్టం. అర్జెంటీనా 2012లో అదే దారి పట్టింది. ఈక్వెడార్, క్యూబా, నికరాగువాలో కూడా 16. ఇండోనేసియాలో, గ్రీస్‌లో 17. అమెరికాలో దేశమంతటా 18 అయినా మేరీల్యాండ్ రాష్ట్రంలో టకోమా పార్క్ అనే చిన్న ఊరు 2013లో తన మున్సిపల్ ఎన్నికల వరకు 16 చేసుకుంది.

ఇంకోవైపు సింగపూర్‌లో ఇప్పటికీ 21. తైవాన్‌లో 20 నుంచి 18కి తగ్గిద్దామని 2022లో ప్రజాభిప్రాయ సేకరణ పెడితే వీగిపోయింది. న్యూజిలాండ్‌లో అదే ఏడాది సుప్రీంకోర్టు, 18 ఏళ్ల నిబంధన వయసు ఆధారంగా వివక్ష చూపడమేనని తీర్పు ఇచ్చింది, అయినా చట్టం మారలేదు, స్థానిక ఎన్నికల వరకైనా 16 చేద్దామని పెట్టిన బిల్లును కూడా తర్వాత వచ్చిన ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. కాబట్టి "ప్రపంచమంతా 16 వైపు పోతోంది" అనేది సగం నిజం.

అలా ఇచ్చిన చోట ఏమైంది? కొంపలేమైనా మునిగాయా?

మునగలేదు. అద్భుతాలు కూడా జరగలేదు.

స్కాట్లాండ్ 2014లో స్వాతంత్ర్యం కావాలా వద్దా అని ఓటింగ్ పెట్టినప్పుడు 16, 17 ఏళ్లవాళ్లకు అవకాశం ఇచ్చారు. వాళ్లలో దాదాపు 75 శాతం మంది ఓటేసినట్టు అక్కడి ఎన్నికల కమిషన్ సర్వేలో తేలింది, 18 నుంచి 24 మధ్యవాళ్లలో అది 54 శాతమే. ఆస్ట్రియాలోనూ ఇలాంటి ధోరణే కనిపించింది. దీనికి అక్కడివాళ్లు చెప్పే కారణం చాలా మామూలుది: పదహారేళ్ల పిల్లవాడు ఇంట్లో ఉంటాడు, బడికి వెళ్తాడు, అమ్మానాన్న ఓటేయడానికి వెళ్తుంటే వెంట వెళ్తాడు. పద్దెనిమిది వచ్చేసరికి చదువుకో, ఉద్యోగానికో వేరే ఊరు పోతాడు, అక్కడ పేరు నమోదు చేసుకోడు. ఈ కారణం మన దగ్గర ఎంతవరకు పనిచేస్తుందో కింద ఇంటర్ పిల్లల ప్రశ్న దగ్గర చెప్తాను, ఎందుకంటే సరిగ్గా అక్కడే మన కథ వేరు.

జర్మనీలో 2024 యూరప్ పార్లమెంటు ఎన్నికల్లో మొదటిసారి 16 ఏళ్లవాళ్లు ఓటేశారు. పర్యావరణం గురించి మాట్లాడే గ్రీన్స్ పార్టీకి కుర్రకారు ఓట్లు పోటెత్తుతాయని అందరూ లెక్కలేశారు. తీరా చూస్తే 25 లోపు వాళ్లలో గ్రీన్స్ బాగా పడిపోయింది, కుడివైపు చివరన ఉండే ఏఎఫ్‌డీ పెరిగింది. పిల్లలంటే ఇలాగే ఓటేస్తారు అని ముందే రాసిపెట్టుకున్న మేధావులకు అక్కడా మొట్టికాయే.

పదహారేళ్లకి ఏం తెలుస్తుందండీ? మా వాడికి పొద్దున్నే లేవడమే తెలీదు.

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే, అందుకే కాస్త ఓపికగా చెప్తాను.

"వాళ్లకేం తెలుసు" అన్న మాట ఈ దేశంలో కొత్తది కాదు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన జనంలో నూటికి ఎనభై మందికి పైగా చదువు రానివాళ్లు. వేలిముద్ర వేసేవాళ్లకి ఓటేంటి అని అప్పుడు నవ్వినవాళ్లు ఉన్నారు. మొదటి ఎన్నికల జాబితా రాసేటప్పుడు ఉత్తరాది రాష్ట్రాల్లో చాలామంది ఆడవాళ్లు తమ పేరు చెప్పకుండా ఫలానావాడి భార్య, ఫలానావాడి కూతురు అని రాయించుకుంటే, అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ ఒప్పుకోలేదు, దాదాపు 28 లక్షల మంది పేర్లు జాబితా నుంచి తీసేయాల్సి వచ్చింది. అలాంటి చోట మొదలైన ఓటు ఎమర్జెన్సీ పెట్టిన ప్రభుత్వాన్ని 1977లో ఇంటికి పంపింది. తెలివి ఎంతుందో కొలిచి ఓటు ఇవ్వడం అనే పద్ధతి మన రాజ్యాంగంలో లేనే లేదు. ఉంటే ముందు పోయేది పిల్లల ఓటు కాదు, పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చినదల్లా నమ్మే మా బాబాయిల ఓటు.

సైన్స్ సంగతి కూడా అడుగుతారు, మెదడు 25 దాకా ఎదుగుతూనే ఉంటుందట కదా అని. నిజమే. అయితే ఈ విషయం మీద ఏళ్ల తరబడి పనిచేసిన అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త లారెన్స్ స్టైన్‌బర్గ్ ఒక తేడా చెప్తారు. పక్కన స్నేహితులు ఉసిగొల్పుతుంటే, ఆవేశంలో ఉంటే పిల్లలు తప్పుడు నిర్ణయాలు తీసుకుంటారు, ఆ అదుపు రావడానికి ఇరవైలు దాటాలి. తీరిగ్గా కూర్చుని లాభనష్టాలు ఆలోచించే పని మాత్రం పదహారుకే పెద్దవాళ్లలా చేయగలరు. ఓటు ఈ రెండో రకం అని ఆయన వాదన. బండి మీద ముగ్గురు ఎక్కి నూటపాతికలో పోవడం మొదటి రకం.

నా అనుమానం ఒక్కటే. మన దగ్గర ఎన్నికలు తీరిగ్గా ఆలోచించే వాతావరణంలో జరుగుతాయా? డీజేలు, బైక్ ర్యాలీలు, అభిమాన హీరో జెండాలు, రాత్రికి రాత్రి రీల్స్. పదహారేళ్ల పిల్లల్ని నిజంగా వాడుకునేది ఇక్కడే, ఓటు లేకపోయినా ఇప్పటికే వాడుకుంటున్నారు. నామినేషన్ ర్యాలీల్లో ముందు నడిచే బైకుల మీద ఎంతమందికి లైసెన్స్ ఉంటుందో మీరే ఒకసారి గమనించండి.

పిల్లలు రాజకీయాల్లో వేలు పెడితే చదువులు పాడవ్వవా?

తెలుగువాళ్లు ఈ ప్రశ్న అడగడమే వింత. 1966లో "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని వీధుల్లోకి వచ్చింది ఎక్కువగా విద్యార్థులే, విశాఖలో కాల్పుల్లో ప్రాణాలు పోయాయి కూడా. 1969 తెలంగాణ ఉద్యమం మొదలైందే కాలేజీల్లో, దాని తర్వాత 1971లో తెలంగాణ ప్రజా సమితి లోక్‌సభకు 10 సీట్లు గెలిచింది. ఆ సీట్ల కోసం ఏడాది చదువు వదులుకున్నవాళ్లలో 21 నిండనివాళ్లకి ఆ ఎన్నికలో ఓటు లేదు. 1972 జై ఆంధ్రలో, 2009 తర్వాత ఉస్మానియాలో కూడా ముందు నిలబడింది విద్యార్థులే. లాఠీ దెబ్బలు తినడానికి సరిపోయిన వయసు పోలింగ్ బూత్ దగ్గరకొచ్చేసరికి సరిపోలేదు.

మరోపక్క ఎనభైల చివరి నుంచి మన రాష్ట్ర యూనివర్సిటీల్లో, కాలేజీల్లో విద్యార్థి సంఘాల ఎన్నికలు ఆగిపోయాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటివి మినహాయింపు. దేశమంతా 18 ఏళ్లవాళ్లకి ప్రధానిని ఎన్నుకునే హక్కు వచ్చిన రోజుల్లోనే మన కాలేజీల్లో ప్రెసిడెంట్‌ని ఎన్నుకునే పద్ధతి పోయింది. గొడవలు అయ్యేవి, హత్యలు కూడా జరిగాయి, కాదనను. కానీ ఓటు అడగడం, ఓడిపోవడం, ఓడిపోయాక మర్నాడు అదే క్లాసులో కూర్చోవడం, ఇవి నేర్చుకునే చోటు ఒకటి పోయింది, దాని బదులు ఇంకోటి ఎవరూ పెట్టలేదు.

అమ్మానాన్న చెప్పినవాళ్లకే వేస్తారు కదా, ఇంటికి రెండు ఓట్లు ఎక్కువ వచ్చినట్టు.

కొంతమంది వేస్తారు. ముప్పైఏళ్ల కొడుకులు, కోడళ్లు కూడా వేస్తున్నారు. కులపెద్ద చెప్పాడని ఊరు ఊరంతా వేసిన చోట్లు మనకు తెలియవా? బూత్‌లో అట్టపెట్టె వెనక నిలబడ్డాక ఎవరు ఏ బటన్ నొక్కారో నాన్నకి తెలీదు, ఆ సంగతి పిల్లలకి బాగా తెలుసు.

16 ఏళ్లకి బండి నడపొచ్చు, సైన్యంలో చేరొచ్చు, మరి ఓటెందుకు లేదు?

ఈ వాదన పైకి బలంగా కనిపిస్తుంది గానీ మన చట్టాల్లోకి వెళ్తే అంతా కలగాపులగం. 16కి గేర్లు లేని, 50 సీసీ లోపు బండి నడపొచ్చు. అగ్నివీర్‌గా పదిహేడున్నరకి చేరొచ్చు. ఘోరమైన నేరం చేస్తే 16 దాటినవాళ్లని పెద్దవాళ్లలాగే విచారించే వీలు 2015 జువెనైల్ చట్టం ఇచ్చింది. ఆస్తి అమ్మాలంటే 18. అబ్బాయి పెళ్లికి 21. మన రెండు రాష్ట్రాల్లో వైన్‌షాపు మెట్లెక్కాలన్నా 21. ఒక్కో పనికి ఒక్కో వయసు పెట్టుకున్న దేశంలో "దానికి అంత కాబట్టి దీనికీ అంతే" అని తేల్చలేం. అమెరికాలో 1971లో 21 నుంచి 18కి తగ్గించినప్పుడు ఈ వాదన గెలిచింది నిజమే, అప్పుడు పద్దెనిమిదేళ్ల కుర్రాళ్లని బలవంతంగా వియత్నాం పంపుతున్నారు కాబట్టి గెలిచింది. మన దగ్గర బలవంతపు సైన్యం లేదు.

పన్ను కడుతున్నారు కాబట్టి ఓటివ్వాలి అంటే, ఐదేళ్ల పాప బిస్కెట్ ప్యాకెట్ మీద కూడా జీఎస్టీ పడుతుంది. ఆ దారిలో పోవద్దు.

డబ్బులు పంచేవాళ్లకి ఇంకో లెక్క పెరుగుతుంది, అంతే కదా?

ఈ ప్రశ్న అడిగినవాళ్లని తప్పు పట్టను. హుజూరాబాద్ ఉపఎన్నికప్పుడు మాకు కవర్ రాలేదని జనం రోడ్డెక్కిన దృశ్యాలు అందరం టీవీలో చూశాం, వాళ్లంతా జుట్టు నెరిసినవాళ్లు, సంసారాలు చేసినవాళ్లు. అంటే జబ్బు వయసులో లేదు. 16కి తగ్గిస్తే ఇంటికి లెక్కగట్టే కవర్లో ఇంకొంత పెరుగుతుంది, ఆ డబ్బు తల్లి చేతికే పోతుంది, పిల్లకి కొత్త ఫోన్ కవర్ కూడా దక్కదు. దాని గురించి ఎన్నికల సంఘం చేయాల్సింది వేరే ఉంది.

ఇంటర్ పిల్లలకి ఓటేసే టైమ్ ఎక్కడిది?

నా దృష్టిలో అసలు ప్రశ్న ఇదే. ఆస్ట్రియాలో పదహారేళ్ల పిల్లవాడు ఇంట్లో ఉంటాడు అన్నాను కదా. మన పదహారేళ్ల పిల్లవాడు ఎక్కడున్నాడు? పల్నాడులోనో, పాలమూరులోనో ఇల్లు. పదో తరగతి అవ్వగానే విజయవాడలోనో, హైదరాబాద్‌లోనో రెసిడెన్షియల్ కాలేజీ. ఫోన్ ఉండదు. ఔటింగ్ ఉంటే ఆదివారం పూట, అదీ వార్డెన్ రిజిస్టర్‌లో సంతకం పెట్టి, వచ్చిన వాళ్ల ఆధార్ చూపించి. పేపర్ చదివే అలవాటు ఉన్నవాడు కూడా ఆ రెండేళ్లు మానేస్తాడు. వీక్లీ టెస్టు మార్కులు నాన్న ఫోన్‌కి మెసేజ్ వస్తాయి, దేశంలో ఏం జరుగుతుందో మాత్రం వీడికి రాదు.

2024 మే 13న ఏపీ, తెలంగాణ రెండు చోట్లా పోలింగ్. మే 5న నీట్. తెలంగాణ ఈఏపీసెట్ ఎన్నికల కోసం ముందుకు జరిపి మే 7 నుంచి 11 వరకు పెట్టారు, ఏపీలో 13న మొదలవ్వాల్సింది 16కి వెనక్కి జరిపారు. మే 26న జేఈఈ అడ్వాన్స్‌డ్. అప్పుడు 18 నిండి ఓటున్న లాంగ్‌టర్మ్ పిల్లల్లోనే చాలామంది ఊరెళ్లలేదు, వెళ్లనివ్వలేదు అనడం సరైన మాట. ఇంక పదహారేళ్లవాళ్లని ఏ కాలేజీ యాజమాన్యం సొంతూరికి బస్సెక్కిస్తుంది? పోలింగ్ రోజు సెలవే, నిజమే, కానీ "సెలవు ఇచ్చాం, పిల్లలు స్టడీ అవర్స్‌లో ఉంటామన్నారు" అంటే ఎవరు అడుగుతారు?

ఇంకో చిక్కు ఉంది. ఎంపీసీ, బైపీసీ తీసుకున్నవాళ్లకి పదో తరగతి సోషల్ పుస్తకంతోనే రాజ్యాంగం అయిపోతుంది. సివిక్స్ అనేది సీఈసీ, హెచ్‌ఈసీ వాళ్ల సబ్జెక్ట్, ఆ గ్రూపులు తీసుకున్నవాళ్లని మన చుట్టాలు ఎలా చూస్తారో తెలుసు కదా. అంటే ఓటు ఇద్దామనుకున్న సరిగ్గా అదే రెండేళ్లు, మన పిల్లలు పౌరశాస్త్రం ఒక్క ముక్క చదవకుండా గడిచే రెండేళ్లు. ఆస్ట్రియావాళ్లు వయసు తగ్గించినప్పుడు బడిలో పౌరవిద్య కూడా పెంచారు. అది చేయకుండా ఇది చేస్తే సగం పని.

18 నిండినవాళ్లే నమోదు చేసుకోవట్లేదట, నిజమేనా?

నిజం. 2024 లోక్‌సభ ఎన్నికల ముందు 18, 19 ఏళ్ల వయసువాళ్లు దేశంలో 5 కోట్లకు కాస్త తక్కువ ఉంటారని అంచనా, జాబితాలో ఎక్కింది దాదాపు 1.8 కోట్లు. నూటికి నలభై మంది కూడా లేరు. బిహార్‌లో అయితే ఆరుగురిలో ఒక్కరు. ఇందులో మనం కాస్త కాలరెగరేసుకోవచ్చు, తెలంగాణలో దాదాపు మూడింట రెండొంతుల మంది చేరారు, పెద్ద రాష్ట్రాల్లో అంత బాగా ఇంకెక్కడా లేదు. అయినా మూడో వంతు బయటే ఉన్నారు.

ఎందుకు చేరరు? బద్ధకం అంటారు పెద్దలు. ఒక ఇంట్లో ఫారం 6, అంటే కొత్త ఓటరు దరఖాస్తు, నింపుతుంటే పక్కన కూర్చున్నాను. అమ్మాయి ఆధార్‌లో ఒక పుట్టినతేదీ, టెన్త్ మెమోలో ఒకటి, ఎందుకంటే ఒకటో తరగతిలో చేర్చేటప్పుడు మేస్టారు ఐదేళ్లు నిండేలా ఒక జూన్ తేదీ వేసేశారు. చిరునామా ఆధార్‌లో పాత అద్దిల్లు. ఫొటో వెనక తెల్లగా లేదని సైట్ తీసుకోలేదు. అన్నీ అయ్యాక బీఎల్‌ఓ (బూత్ స్థాయి అధికారి) ఇంటికొచ్చే రోజుకి అమ్మాయి హాస్టల్‌లో ఉంది, "మనిషి లేదు కదమ్మా" అని ఆవిడ వెళ్లిపోయారు. ఆవిడ అంగన్‌వాడీ టీచర్, పొద్దున గుడ్లు, పాలు పంచి మధ్యాహ్నం ఈ పనికి తిరుగుతారు, ఆవిడనేమంటాం? ఈ అమ్మాయిని రేపు "యువతకి రాజకీయాలంటే ఆసక్తి లేదు" అని లెక్కలో వేస్తారు.

మలేసియావాళ్లు ఈ విషయంలో మనకంటే తెలివైన పని చేశారు. 2019లో ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గించారు, పార్లమెంటులో ఒక్క ఓటు కూడా వ్యతిరేకంగా పడలేదు. దాంతోపాటే వయసు నిండినవాళ్ల పేరు దానంతటదే జాబితాలో చేరేలా మార్చారు. 2018లో కోటీ 49 లక్షలున్న ఓటర్లు 2022 ఎన్నికలకి 2 కోట్ల 11 లక్షలయ్యారు. అక్కడ తరాలుగా ఉన్న మన తెలుగు కుటుంబాల పిల్లలు కూడా ఏ ఫారం నింపకుండానే ఓటర్లయ్యారు. మన దగ్గర రేషన్‌కి, స్కాలర్‌షిప్‌కి, పరీక్ష ఫీజుకి, అన్నింటికీ పుట్టినతేదీ ప్రభుత్వం దగ్గరే ఉంటుంది, ఓటు దగ్గర మాత్రం మనమే వెళ్లి నిరూపించుకోవాలి.

సరే, సూటిగా చెప్పండి. మీరు తగ్గించాలంటారా, వద్దంటారా?

అసెంబ్లీకి, లోక్‌సభకి ఇప్పుడే వద్దు. పిల్లలకి తెలివి లేదని కాదు, 18 ఏళ్లవాళ్లలో సగానికి పైగా జాబితా బయట ఉండగా 16 అని చట్టం చేస్తే కాగితం మీద కోట్ల ఓట్లు పుడతాయి, బూత్ దాకా వచ్చేవి చదువుకున్న, పట్నంలో ఉన్న, అమ్మానాన్న దగ్గరుండి చేయించిన పిల్లలవి మాత్రమే. హాస్టల్ పిల్లలు, పదోతరగతి మానేసి మిర్చి కోతకి, టైల్స్ పనికి వలస వెళ్లిన పిల్లలు మళ్లీ బయటే.

పంచాయతీకి, మున్సిపాలిటీకి మాత్రం తగ్గించి చూడాలి అంటాను, గట్టిగానే అంటాను. 326వ అధికరణం చెప్పేది లోక్‌సభ, అసెంబ్లీల గురించే. స్థానిక సంస్థల ఓటర్ల సంగతి రాష్ట్ర చట్టాల్లో ఉంటుంది, 1989కి ముందు చాలా రాష్ట్రాలు 18 పెట్టుకోగలిగింది అందుకే. పెద్ద సవరణకైతే రెండు సభల్లోనూ మొత్తం సభ్యుల్లో సగానికి మించి, హాజరై ఓటేసినవాళ్లలో మూడింట రెండొంతులు కావాలి, పోయినసారిలాగే రాష్ట్రాల ఆమోదం కూడా కావాలి. దీనికి ఒక రాష్ట్ర శాసనసభ చాలు. ప్రస్తుతం పంచాయతీ జాబితాలు అసెంబ్లీ జాబితా నుంచే తయారవుతాయి కాబట్టి పదహారు, పదిహేడేళ్లవాళ్లకి అదనపు జాబితా ఒకటి రాయాలి, ఆ పని ఊరి హైస్కూల్ రిజిస్టర్‌తో మొదలుపెట్టొచ్చు.

పదహారేళ్ల అమ్మాయికి ప్రపంచ వాణిజ్యం తెలియకపోవచ్చు. ఊరి బడిలో బాత్‌రూమ్‌కి తలుపు లేదని, కాలేజీకి పొద్దున బస్సు ఒక్కటే ఉందని, సాయంత్రం వచ్చేదారిలో లైట్లు వెలగవని సర్పంచ్ కంటే ఆ అమ్మాయికే బాగా తెలుసు. కర్ణాటకలో పంచాయతీలు పిల్లలతో మక్కళ గ్రామసభ పెట్టి ఇలాంటివే అడుగుతాయి. అక్కడ ఓటు లేదు, అడగడం వరకే. అయినా మనకంటే ఒక మెట్టు పైనే.

పోటీ చేసే వయసు కూడా తగ్గించాలా?

తగ్గించాలి. సర్పంచ్‌కి 21, ఎమ్మెల్యేకి, ఎంపీకి 25, రాజ్యసభకి, ఎమ్మెల్సీకి 30. ఇరవై రెండేళ్ల అమ్మాయి ఊరిని నడపొచ్చు కానీ అసెంబ్లీలో కూర్చోకూడదు అంటే నాకు అర్థం కాదు. ఓటు 18కి వచ్చినప్పుడే ఇది మార్చాల్సింది.

అసలు మళ్లీ 21కి పెంచితే గొడవే ఉండదు కదా?

ఇరాన్ ఆ పని చేసింది, 15 ఉన్నదాన్ని 2007లో 18 చేసింది. మన దగ్గర 21 అంటే కోట్లమంది చేతిలో ఉన్న ఓటు లాక్కోవడం. ఏ పార్టీ ధైర్యం చేస్తుందో చెప్పండి, చూద్దాం.

లండన్‌లో ఉన్న మా అన్నయ్య కూతురికి 16. భారత పాస్‌పోర్టే. అక్కడ ఓటొస్తుందా?

రావచ్చు, చాలామందికి ఈ విషయం తెలీదు. బ్రిటన్‌లో ఉండే అనుమతి ఉన్న కామన్వెల్త్ దేశాల పౌరులు అక్కడి పార్లమెంటు ఎన్నికల్లో కూడా ఓటేయొచ్చు, మన దేశం కామన్వెల్త్‌లో ఉంది. మాస్టర్స్‌కి వెళ్లిన మన పిల్లలకీ ఇది వర్తిస్తుంది. ప్రకటించిన మార్పు చట్టమై అమల్లోకి వస్తే మీ అన్నయ్యగారమ్మాయి మన దగ్గర ఓటు రాకముందే లండన్‌లో ఎంపీని ఎన్నుకుంటుంది. మన ఎన్నికలకైతే 18 నిండాక ఫారం 6ఏ పెట్టుకోవాలి, ఓటు మాత్రం విమానం ఎక్కి సొంతూరు వచ్చి వేయాల్సిందే.

మా అబ్బాయికి 17 నిండాయి. ఇప్పుడేం చేయాలి?

ఇప్పుడే దరఖాస్తు పెట్టండి. ఇదివరకు జనవరి 1 నాటికి 18 నిండితేనే ఆ ఏడాది ఓటు, జనవరి 2న పుట్టినవాళ్లు ఏడాదంతా ఆగాల్సి వచ్చేది. 2021లో చట్టం మార్చి, 2022 నుంచి జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1 అని నాలుగు తేదీలు పెట్టారు. 17 నిండినవాళ్లు ముందుగానే ఫారం 6 ఇవ్వొచ్చు, 18 నిండిన తర్వాత వచ్చే తేదీకి పేరు ఎక్కుతుంది. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లోనైనా పెట్టొచ్చు, బీఎల్‌ఓ చేతికైనా ఇవ్వొచ్చు. పుట్టినతేదీకి టెన్త్ మెమో గానీ బర్త్ సర్టిఫికెట్ గానీ పెట్టండి, ఆధార్‌లో తేదీ వేరేగా ఉంటే ముందు అది సరిచేయించండి. ఇంట్లో మీ ఓటర్ కార్డు నంబర్ రాస్తే అబ్బాయి పేరు మీ బూత్‌లోనే పడుతుంది.

హాస్టల్‌లో ఉండి డిగ్రీ, ఇంజినీరింగ్ చదివేవాళ్లు సొంతూరిలోనైనా, హాస్టల్ ఉన్నచోటైనా నమోదు చేసుకోవచ్చు, రెండుచోట్లా మాత్రం కుదరదు. హాస్టల్ చిరునామా ఇచ్చేవాళ్లు కాలేజీ ప్రిన్సిపాల్ సంతకంతో ధ్రువీకరణ జతచేయాలి. ఏది మేలు అని అడిగితే, పోలింగ్ రోజు అబ్బాయి నిజంగా ఎక్కడుంటాడో అక్కడ పెట్టండి. దరఖాస్తు పెట్టాక వచ్చే రిఫరెన్స్ నంబర్ ఫొటో తీసి మీ ఫోన్‌లో ఉంచుకోండి, వాడి ఫోన్‌లో ఉంటే పోతుంది.